మూసిన పుస్తకం, మూడో బోరు

ఆ సోమవారం ఉదయం దేవరాజ్ సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు పాఠం పుస్తకం తెరవకుండా చెప్పాలి. అంతే. ఇరవై రెండేళ్ళుగా ఆయన పుస్తకాలు తెరిచి చెబుతూనే ఉన్నాడు, పిల్లలు నోళ్ళు తెరిచి ఆవులిస్తూనే ఉన్నారు. ఈసారి రెండూ మూసి చూద్దామనుకున్నాడు.

ఈ ఆలోచన ఆయన సొంతం కాదు. కిందటి వారం కామారెడ్డిలో ఇంగ్లీషు టీచర్లకు మూడు రోజుల శిక్షణ జరిగింది. శిక్షణ సారుకు మూడు రోజులే గాని, దాని శిక్ష ఇంట్లో ఆయన భార్య సుధారాణికి వారం నుంచీ నడుస్తోంది.

"డబ్బా మూత తీయకముందే లోపల ఏమున్నదో చెప్పాలె," అన్నాడు సారు చెప్పులు వేసుకుంటూ. "డబ్బా ఎంత వేడిగున్నదో చూడాలె, వాసన చూడాలె, రాత్రి ఇంట్ల ఏం మిగిలిందో యాది చేసుకోవాలె. మూడూ ముడిపెట్టి చెప్పాలె. చదువుడు గూడ గంతే. పేరు చూడాలె, బొమ్మ చూడాలె, ముడిపెట్టాలె."

"మరి చెప్పున్రి, ఏమున్నది?"

"ఉప్మా."

"సరే గని, అద్దాలు పెట్టుకున్నరా?"

"పుస్తకమే తెరువనప్పుడు అద్దాలెందుకు?"

అలా ఆ వారమంతా కళ్ళద్దాలు కామారెడ్డిలో టీవీ పక్కన, సారు ఎల్లారెడ్డి బస్సులో ఉండిపోయారు. దూరపు వస్తువులు ఆయనకు బాగానే కనిపిస్తాయి. దగ్గరి అక్షరాలు మాత్రం అద్దాలు లేకపోతే చీమలబారే. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే అందులో పులిహోర ఉంది. సారు దాన్ని అపజయంగా భావించలేదు. సుధారాణి సరైన సూచనలు ఇవ్వలేదనుకున్నాడు.

బడి ఎల్లారెడ్డి దాటాక ఆరు కిలోమీటర్ల దూరంలో, ఊరి చివర ఉంది. ఊరి పిల్లలు సగం, చుట్టుపక్కల తండాల పిల్లలు సగం. తొమ్మిదో తరగతి హాజరు పట్టీ నాట్లప్పుడు పలచబడుతుంది, కోతలప్పుడు మరీ పలచబడుతుంది, మధ్యలో పెళ్ళిళ్ళకు చిల్లులు పడుతుంది. ఆ రోజు ముప్పై నలుగురిలో ఇరవై ఒక్కరు వచ్చారు.

సారు బోర్డు మీద పాఠం పేరు రాసి, పుస్తకంలోని బొమ్మను మాత్రం అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. ఒక ముసలాయన, ఒక గొడుగు, ఒక బస్సు స్టాపు, దూరంగా బడిసంచితో ఒక పిల్ల. పుస్తకం టప్పున మూసేశాడు.

"లోపల ఏం కథ ఉన్నదో చెప్పున్రి."

పిల్లలు మూసిన అట్ట వైపే చూశారు. చివరికి రెండో బెంచీలోంచి జమున లేచింది. తండా నుంచి పొద్దున్నే మేకలను తోలి, ఆ తరువాత బడికి వచ్చే పిల్ల. ఇంగ్లీషు పీరియడ్‌లో ఆమె గొంతు సారు ఎప్పుడూ వినలేదు.

"వాన వస్తది సార్. ముసలాయన ఆ పిల్లకు గొడుగు ఇచ్చి తను తడుస్తడు. మల్ల ఇంకోనాడు ఆ పిల్ల గొడుగు తెచ్చిస్తది."

పాఠం సరిగ్గా అదే. సారు ఆనందంతో కాసేపు బోర్డుకు ఆనుకున్నాడు. "ఎట్ల చెప్పినవ్ బిడ్డా?"

"మబ్బు నల్లగున్నది సార్. పిల్ల చేతుల గొడుగు లేదు. మీరు రాసిన పేరుల 'రిటర్న్' అని ఉన్నది. బస్సు టికెట్ల మీద చూసిన."

ఇంతలో కిటికీ దగ్గర అలికిడి అయింది. మధ్యాహ్న భోజనం వండే దుర్గవ్వ, గుడ్లు ఎన్ని ఉడకబెట్టాలో అడగడానికి వచ్చి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మూసిన పుస్తకంలో ఉన్నదాన్ని పిల్ల చెప్పడం, సారు అవునవునని తల ఊపడం ఆమె రెండు కళ్ళతో చూసింది. జమున ఎలా చెప్పిందో వివరించినప్పుడు మాత్రం ఆమె గుడ్లు లెక్కపెట్టుకుంటోంది.

"పుస్తకం మూసే ఉన్నది గద సార్?" అంది.

అక్కడ దేవరాజ్ సారు, ఇరవై ఒకటి అని చెప్పి పంపేస్తే ఈ కథ ఉండేది కాదు. ఆయనకు ఆ రోజు గొంతు నిండా గర్వం ఉంది. "మూస్తేనేంది దుర్గవ్వా. ఈ పిల్లకు మూసినా కనపడ్తది. నేను నేర్పిన విద్య," అన్నాడు.

దుర్గవ్వ గరిటె తిప్పినంత సులువుగా మాట తిప్పగల మనిషి. అన్నం వడ్డన అయ్యేసరికి ఆ ముక్క ఊళ్ళో అందరి విస్తళ్ళలోనూ పడింది.

మంగళవారం ఆమె తన మేకను బడి వెనక కట్టి, జమునను అడిగింది. జమున మేక కడుపు నిమిరి రెండు పిల్లలంది. పుట్టినప్పటి నుంచీ మేకల మధ్య పెరిగిన పిల్ల ఆ మాత్రం చెప్పకపోతేనే వింత. బుధవారం తెల్లారేసరికి మేక రెండు పిల్లల్ని ఈనింది. అదే రోజు బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఆకు కోసం బయలుదేరుతుంటే, దారిలో ఎదురైన జమున "పోకున్రి, కార్ఖానా తెరువరు" అంది. ఆకు తూచి ఇచ్చే కార్ఖానా మున్షీ పట్టుచొక్కా తొడుక్కుని, పెళ్ళాం పిల్లలతో నస్రుల్లాబాద్ వైపు పోవడం ఆమె వచ్చే దారిలో చూసింది. వాళ్ళు అడిగి ఉంటే ఆ సంగతీ చెప్పేది. ఎవరూ అడగలేదు. చేతులు జోడించారు.

ఇవేవీ తెలియని సారు తన పాఠాల్లో మునిగి ఉన్నాడు. బుధవారం ఆయన బోర్డు మీద ఒక వాక్యం రాసి, మధ్యలో ఒక మాటను అరచేత్తో మూసి, అటూ ఇటూ ఉన్న మాటల్ని బట్టి చేతి కింద ఏముందో చెప్పమన్నాడు. గురువారం ఒక ఖాళీ యూరియా బస్తా తెచ్చి మేకుకు తగిలించాడు.

"దీని మీద ఉన్నదంతా చదువద్దు. అంతా చదివితె మీకు ముసలితనం వస్తది. మనకు కావల్సింది బరువు. బరువు ఎక్కడుందో ఎతుకున్రి. అంకె దగ్గర కన్ను పెట్టున్రి, దాని పక్కన అక్షరం చూడున్రి."

పిల్లలు వెతికారు. అందరికంటే ముందు జమున వేలు చూపింది. సారు పొంగిపోతూ బయటికి వచ్చేసరికి హన్మండ్లు ఎదురుపడ్డాడు.

హన్మండ్లు తొమ్మిదేళ్ళు దుబాయిలో ఇటుకలు మోసి, ఇక చాలని కిందటేడు తిరిగొచ్చిన రైతు. మూడెకరాలుంది. నీళ్ళు లేవు. వచ్చిన దగ్గర్నుంచి రెండు బోర్లు వేశాడు. రెండింటికీ పాయింటు చూపింది బాలమల్లు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడవడం, కింద నీళ్ళున్న చోట కాయ నిలువుగా లేచి నిలబడటం, అక్కడ సున్నంతో గుర్తు పెట్టడం బాలమల్లు విద్య. కాయ రెండుసార్లూ చక్కగా నిలబడింది. దుమ్ము కూడా రెండుసార్లూ చక్కగా లేచింది.

"సార్, లోపట ఏమున్నదో జమున చెప్తదట గద?" అన్నాడు హన్మండ్లు నెమ్మదిగా.

"చెప్తది."

"పైన ఏం కనపడకపోయినా?"

"పైన కనపడకపోతె ఏమాయె. లోతుకు పోతది ఆ పిల్ల."

"ఎంత లోతు పోతది సార్?"

"ఎంత లోతున్నా సరే," అన్నాడు సారు. ఆయన మనసులో పదో తరగతి పుస్తకం ఉంది.

హన్మండ్లు చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకు గిదొక్కటే మిగిలింది సార్. ఈసారి తప్పితె ఇగ మల్ల దుబాయి ఏజెంటు చేతుల పెట్టుడే. శనివారం పిల్లను జర పంపున్రి."

పాస్‌పోర్టులో ఏవో ఇంగ్లీషు ముక్కలు చదివించుకోవాలేమో అనుకున్నాడు సారు. "శనివారం ఏంది, ఎప్పుడంటె అప్పుడు తోల్కపో," అన్నాడు ఉదారంగా.

శనివారం ఆయన బడికి వచ్చేసరికి తొమ్మిదో తరగతిలో బెంచీలు తప్ప ఎవరూ లేరు. వంటగదికి తాళం ఉంది. అటెండరు చెప్పాడు: హన్మండ్లు పొలంలో బోరు బండి దిగింది, మీ పిల్ల పాయింటు చూపిస్తుంది, ఊరంతా అక్కడే ఉంది.

దేవరాజ్ సారు పాఠం బోరు కొడుతుందని ఆ ఊరికి ఎప్పటినుంచో తెలుసు. అది నిజంగానే బోరు కొట్టిస్తుందని ఆయనకు అప్పుడే తెలిసింది. ధోవతి కట్టే అలవాటు లేకపోవడం ఆ ఉదయం ఆయనకు కలిసొచ్చింది. గట్ల మీదుగా పరుగెత్తాడు.

పొలం మధ్యలో బోరు లారీ ఏనుగులా నిలబడి ఉంది. దాని నీడలో ఊరు. ఒక ప్లాస్టిక్ కుర్చీలో జమున నాయనమ్మ చంద్రి, మెళ్ళో బంతిపూల దండతో, ఎందుకో తెలియకపోయినా గంభీరంగా కూర్చుంది. దుర్గవ్వ పళ్ళెంలో పసుపు, కుంకుమ. ఒక పక్కన బాలమల్లు కొబ్బరికాయను చంకలో పెట్టుకుని, అలిగిన పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడ్డాడు. అందరి మధ్యలో జమున, ఏడుపుకు ఒక్క అడుగు ఇవతల ఉంది.

"నేను చెప్తనే ఉన్న సార్," అంది ఆమె సారును చూడగానే. "నాకు భూమిల ఏం కనపడది అని. శక్తి ఉన్నోళ్ళు గట్లనే అంటరు అని అందరు అంటున్నరు."

సారు హన్మండ్లు చేయి పట్టుకున్నాడు. "హన్మండ్లన్నా, ఆగు. అది పుస్తకం చదివే పద్ధతి. దానికీ నీళ్ళకూ సంబంధం లేదు."

"లోతుకు పోతది అన్నరు గద మీరే?"

సారు నీళ్ళు నమిలాడు. ఆ పొలంలో అప్పటిదాకా దొరికిన నీళ్ళు అవే.

"నేను ముందుగాలనే చెప్పిన," అన్నాడు బాలమల్లు ఆకాశం వైపు చూస్తూ. "ఇరువై ఏండ్ల సంది కాయ నిలబెడ్తున్న. నిన్న మొన్న పుట్టిన పోరి నిలబెడ్తదా?"

"నీ కాయ నిలవడ్డది, నా పొలం ఎండవడ్డది," అన్నాడు హన్మండ్లు. గొంతు పెంచలేదు. బాలమల్లు కాయను ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

బోరు బండి డ్రైవరు వచ్చి గడియారం చూపించాడు. సదాశివనగర్‌లో ఇంకో పొలం ఉందట. గంటలో రాడ్డు దింపకపోతే బండి తిప్పుకుని పోతానన్నాడు. జనం జమున వైపు చూశారు. జమున సారు వైపు చూసింది. సారు పారిపోయే దారి వైపు చూశాడు. అక్కడ దుర్గవ్వ ఉంది.

"వినున్రి," అన్నాడు సారు చివరి ప్రయత్నంగా. "ఊరికె చెప్పుడు గాదిది. ముందుగాల ఒక బొమ్మ ఉండాలె. దానికో పేరుండాలె. నాలుగు అక్షరాలుండాలె. అప్పుడు గని ఈ పిల్ల చెప్పది. భూమికి అక్షరాలున్నయా? బొమ్మున్నదా?"

ఈ మాటతో అందరూ ఇళ్ళకు పోతారని ఆయన ఊహ. పేరు చూసి, బొమ్మ చూసి చేసిన ఊహ కాదు గనక అదీ తప్పింది.

"ఉన్నది," అంది హన్మండ్లు తల్లి ఎంకవ్వ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"వీడు దుబాయిల ఉన్నప్పుడు ఆఫీసరు సార్లు వచ్చిన్రు. పొలం పొడుగూత తీగలు పరిచి, డబ్బ మీద ముల్లు చూసిన్రు. ఒక ఇంగిలీసు కాయితం ఇచ్చిన్రు. బొమ్మ గూడ గీసిన్రు. జాగర్తగ పెట్టుకో అవ్వా అన్నరు. పెట్టిన."

"ఏడ పెట్టినవే?" అన్నాడు హన్మండ్లు.

"దేవుని పటం ఎనుక. యేటేట దసరకు బొట్టు గూడ పెడ్తున్న."

ఎంకవ్వ చెప్పిన పని చెప్పినట్టు చేసింది. జాగ్రత్తగా పెట్టమన్నారు, పెట్టింది. చదివించమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

హన్మండ్లు మోటరు సైకిలు మీద పోయి కాగితం తెచ్చాడు. అది కాగితంలా లేదు, పెళ్ళిపీటలా ఉంది. అంచులకు పసుపు, నాలుగైదు చోట్ల కుంకుమ. సారు దాన్ని ఆత్రంగా అందుకుని, కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు, చేయి చాలినంత మేర చాపాడు. చీమలబారు అలాగే ఉంది. అద్దాలు కామారెడ్డిలో టీవీ పక్కన ప్రశాంతంగా ఉన్నాయి.

"నువ్వే చదువు జమునా," అన్నాడు. ఆయన కంగారులో శిక్షణ మొత్తం గాలికి పోయింది. "మొదటి సంది చదువు. ఒక్క అక్షరం ఇడువకు."

జమున కాగితం అందుకుంది. ఆమె ముఖంలో భయం తగ్గింది. భూమి కన్నా కాగితం నయమనిపించినట్టుంది.

"అంతా చదువద్దు అన్నరు గద సార్ మీరు? అంకెల దగ్గర కన్ను పెట్టాలె అన్నరు."

సారు నోరు మూసుకున్నాడు. ఆ వారంలో ఆయన సరిగ్గా మూసింది అదొక్కటే.

జమున పైనున్న పెద్ద అక్షరాలు చూసింది. బొమ్మ చూసింది. "ఇది ఈ పొలమే సార్. గిది బాయి, గిది యాపచెట్టు. ఒకటి, రెండు, మూడు అని మూడు జాగలు గీసిన్రు." వేలు కిందికి జరిగింది. "ఒకటి పక్కన 'నాట్' అని ఉన్నది, పక్కన ఇంకో పెద్ద మాట. రెండు పక్కన గూడ 'నాట్', మల్ల గదే మాట."

"ఒకటి, రెండు ఎక్కడ?" అన్నాడు హన్మండ్లు.

జమున బొమ్మను తిప్పి పట్టుకుని చూపించింది. అటు చూస్తే మొదటి ఎండిన బోరు. ఇటు చూస్తే రెండోది. జనమంతా ఒకేసారి బాలమల్లు వైపు తిరిగారు. బాలమల్లు కొబ్బరికాయ పీచు పరిశీలించడం మొదలుపెట్టాడు.

"మరి మూడోది?"

"మూడోదాని మీద కుంకుమ ఉన్నది."

హన్మండ్లు తల్లి వైపు చూశాడు. ఎంకవ్వ, "నాకేమెరుక బిడ్డా, మంచి జాగ అని పెట్టిన," అంది.

జమున కుంకుమకు అటూ ఇటూ ఉన్న అక్షరాల మీద వేలు జరిపింది. డ్రైవరు మళ్ళీ గడియారం చూపించబోతే దుర్గవ్వ పళ్ళెం అడ్డం పెట్టింది.

"సార్," అంది జమున చివరికి, "మీరు బోర్డు మీద మాటను చేతితోని మూసిన్రు చూడున్రి. గట్లనే ఇది. మొదటి రెండిటికి వద్దు అని రాసి అక్కడనే ఆపిన్రు. మూడోదానికి కుంకుమ తర్వాత ఇంకా రాసిన్రు. అరువై అయిదు అని అంకె ఉన్నది, కేసింగు పైపుకు ఇంకో అంకె ఉన్నది. వద్దనేదానికి లోతెందుకు రాస్తరు, పైపెందుకు చెప్తరు?"

ఇరవై రెండేళ్ళలో సారు అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులన్నిటిలోకీ ఇది పొడవైనది.

"మూడోది ఏడున్నది?" అన్నాడు హన్మండ్లు.

బొమ్మను బట్టి యాపచెట్టు నుంచి ఉత్తరంగా ఇరవై అంగలు వేశారు. ఆ చోట సరిగ్గా బోరు లారీ నిలబడి ఉంది. డ్రైవరు, "జరుపుడు లేదు, తిప్పుడు లేదు, ఉన్నకాడనే కొట్టుడు," అని సంతోషంగా దూకి మిషను ఆన్ చేశాడు.

"ఆగున్రి," అన్నాడు బాలమల్లు. కొబ్బరికాయను అరచేతిలో పెట్టుకుని లారీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కాయ లేచి నిలబడింది. "నేను గూడ గిదే అంటున్న," అన్నాడు.

ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. మూడు రాడ్లు దిగాయి, దుమ్ము. నాలుగోది దిగింది, తెల్లటి దుమ్ము. ఎనభై అడుగులు దాటినా తడి లేదు. అరవై అయిదన్నది గదా పిల్ల అని వెనక ఎవరో గొణిగారు. హన్మండ్లు చేయి దానంతట అదే చొక్కా జేబు మీదికి పోయింది. చంద్రి మెళ్ళోని దండ తీసి ఒళ్ళో పెట్టుకుంది, అడుగుతారేమోనని.

జమున కాగితం మళ్ళీ తెరిచి అదే అంకె దగ్గర వేలు పెట్టింది. "అంకె పక్కన అక్షరం చూడాలె అన్నరు గద సార్. నేను చూడలె. 'ఎమ్' అని ఉన్నది. ఫీట్లకు 'ఎమ్' రాదు గద?"

"మీటర్లు," అన్నాడు సారు. "మీటర్లు బిడ్డా. ఒక మీటరుకు మూడు ఫీట్ల మీద జర ఎక్కువ."

జమున నేల మీద పుల్లతో లెక్క వేసింది. "రెండు వందల పదమూడు. పదకొండో రాడ్డు."

పదో రాడ్డు దిగింది. దుమ్ము నల్లబడింది. పదకొండోది సగం దిగేసరికి గొట్టంలోంచి బురద చిమ్మి, ఆ వెనకే నీళ్ళు ఎగిసి డ్రైవరును, దుర్గవ్వ పళ్ళాన్ని, చంద్రి బంతిపూలను తడిపేశాయి. హన్మండ్లు పరుగెత్తలేదు, గంతులు వేయలేదు. జేబులోని పాస్‌పోర్టు తడవకుండా తీసి తల్లి చేతిలో పెట్టి, ఆ బురదలోనే చతికిలబడ్డాడు.

సాయంత్రం ఎంకవ్వ దేవుని పటం వెనక, కాగితం ఖాళీ చేసిన చోట ఆ పాస్‌పోర్టు పెట్టింది. పెట్టేముందు దానికీ బొట్టు పెట్టింది, లోపలి ఫొటోలో కొడుకు ముఖం కనబడనంత పెద్దది.

జమునకు ఎక్కడ గుడి కడతారోనని భయపడుతూ సోమవారం బడికి వచ్చిన దేవరాజ్ సారుకు, దుర్గవ్వ కిటికీ దగ్గరే ఎదురైంది. ముఖంలో పాత భక్తి లేదు.

"శక్తి లేదు, ఏం లేదు సార్," అంది. "పోరి కాయితంల చూసి చెప్పింది. చూసి చెప్పుడు ఎవలకు రాదు?"

"నీకు వస్తదా?"

"నాకు సదువు రాదు గని, వస్తె నేను చెప్పకపోదునా? గుడ్లు ఎన్ని?"

ఊరు ఊరంతా అదే మాట. మేక సంగతి చూసి చెప్పింది, మున్షీ సంగతి చూసి చెప్పింది, కాగితం సరేసరి. జమున మళ్ళీ మేకలు తోలి, బడికి వచ్చి, రెండో బెంచీలో కూర్చుంది. చాలా హాయిగా ఉన్నట్టు కనిపించింది. సారుకే కొంచెం అవమానంగా ఉంది. ఆయన అద్దాలు పెట్టుకుని తరగతిలోకి నడిచాడు.

చివరి బెంచీలో బాలమల్లు కూర్చుని ఉన్నాడు. ముందు కొబ్బరికాయ, దాని పక్కన నాలుగు ఊళ్ళ దేవుని పటాల వెనక నుంచి సేకరించిన ఇంగ్లీషు కాగితాల కట్ట.

"అంకెలు ఎట్ల ఎతకాలెనో ఒక్కటి నేర్పున్రి సార్," అన్నాడు చేతులు కట్టుకుని. "కాయ నిలబెట్టుడు నేను చూసుకుంట."

ఈ ఏడు నాట్లకూ కోతలకూ పెళ్ళిళ్ళకూ కూడా మానకుండా తొమ్మిదో తరగతికి వచ్చింది ఆయనొక్కడే.